పాత కారు కొనే ముందు నంబరు కొట్టి చూడు తమ్ముడూ

‘కారుకు పదకొండు నెలల ఎంవోటీ ఉందట అక్కా, 2,600 పౌండ్లకు ఇస్తానంటున్నాడు, ఆదివారం డబ్బు కట్టేస్తాను’ అని రాశావు. ఎంవోటీ అంటే ఇక్కడ బ్రిటన్‌లో కారు రోడ్డు మీద నడపడానికి పనికొస్తుందా అని ఏటా చేసే పరీక్ష. పదకొండు నెలలు ఉందంటే మళ్లీ పరీక్షకు అంత గడువు ఉందని. ఆ మాట చదవగానే నాకు గుండె ఝల్లుమంది. 2016 డిసెంబరులో నాచేత కూడా ఇదే మాట డబ్బు కట్టించింది. వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నేను ఆ ఏడాది సెప్టెంబరులో ఇంగ్లండు వచ్చాను. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. పరీక్షలకు, వీసాకు, టికెట్టుకు కలిపి మా నాన్న ఊళ్లో రెండు లక్షలు అప్పు చేశారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెల తిరిగేసరికి 4,000 రూపాయలు వడ్డీకే పోయేవి. మూడు నెలల జీతంలో తిండీ అద్దే పోగా మిగిల్చిన డబ్బు ఇంటికి పంపి అప్పు తగ్గించాలని నా ఆశ. కానీ రాత్రి డ్యూటీ అయ్యాక బస్సు కోసం చలిలో నిలబడలేక, ముందు కారు కొందాం, అప్పు తర్వాత తీరుద్దాం అనుకున్నాం.

ఆ కారు వెల 1,850 పౌండ్లు. అప్పటి లెక్కన మన డబ్బులో లక్షన్నర పైమాటే. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, పైగా ఆ రోజు వాన. మా ఆయన ఫోను లైటు వేసి బానెట్ ఎత్తి చూశారు, వీధి చివరిదాకా నడిపి చూశారు, బాగానే ఉందన్నారు. అమ్మే అతను ఎంవోటీ కాగితం చేతిలో పెట్టాడు. ప్రభుత్వం పరీక్ష చేసి బాగుందని ఇచ్చిన కాగితం కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్లదాకా ఫిట్‌నెస్ పరీక్ష అక్కరలేదు. ఇక్కడ మూడేళ్లు దాటిన ప్రతి కారుకూ ఏటా పరీక్ష. అందుకే ఆ కాగితం నా కంటికి అంత పెద్దదిగా కనిపించింది.

మార్చిలో ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది. మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్తే ఆయన కారును పైకెత్తి, తలుపు కింది అంచు మీద స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అది లోపలికి దిగిపోయింది. కిందంతా కొత్తగా నల్లటి పూత పూసి ఉంది, దాని వెనక ఉన్నదంతా తుప్పే. ఎంవోటీ పరీక్ష చేసేవారు పూతలు తొలగించి, మూతలు విప్పి చూడరని ఆ రోజే తెలిసింది. తర్వాత ఆయన కంప్యూటరులో కారు నంబరు కొట్టి తెర నావైపు తిప్పాడు. 2014లో 1,09,000 మైళ్లు, వెనక బ్రేకు గొట్టాలకు తుప్పు పడుతోందని హెచ్చరిక. 2015లో 1,17,000 మైళ్లు, అదే హెచ్చరికతో పాటు బాడీ అంచులకు తుప్పు, షాక్ అబ్జార్బరు నుంచి నూనె కారుతోందని మరో రెండు. 2016లో 74,000 మైళ్లు, ఒక్క హెచ్చరికా లేదు! ఏడాదిలో కారు వయసు తగ్గిపోయింది. మీటరు వెనక్కి తిప్పి అమ్మారు.

బాగు చేయడానికి 900 పౌండ్లు అడిగారు. పాత ఇనుము కింద అమ్మితే 140 వచ్చాయి. అమ్మినవాడి ఫోను ఎప్పుడో మూగబోయింది. నాన్నకు అసలు సంగతి చెప్పలేక, ఇక్కడ ఖర్చులు ఎక్కువగా ఉన్నాయని చెప్పి, ఆ అప్పుకు మరో ఏడాదికి పైగా వడ్డీ కట్టాను. ఆ చరిత్ర మొత్తం ఉచితంగా, రెండు నిమిషాల్లో, వాన చినుకుల్లోనే ఫోనులో చూసుకోగలిగేదాన్ని. నాకు చెప్పేవాళ్లు లేకపోయారు. నీకు నేనున్నాను.

గవ్ డాట్ యూకే (gov.uk) అనే ఇక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో ‘చెక్ ఎంవోటీ హిస్టరీ’ అని ఉంటుంది. నంబరు ప్లేటు మీద ఉన్నది కొడితే చాలు. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్‌లలో 2005 నుంచి జరిగిన పరీక్షలన్నీ వస్తాయి. ఉత్తర ఐర్లండు సంగతి కొంచెం వేరు, అక్కడ ఉంటే నిబంధనలు విడిగా చూసుకో. పాసా ఫెయిలా, ఆ రోజు ఎన్ని మైళ్లు, ఏ లోపాలు, ఏ హెచ్చరికలు, అన్నీ ఉంటాయి. 2018 మే తర్వాతి పరీక్షల్లో లోపాలను ప్రమాదకరం, పెద్దవి, చిన్నవి అని విడగొట్టి రాస్తున్నారు. వాటితో పాటు ‘అడ్వైజరీ’ అని ఉండే హెచ్చరికలను మనవాళ్లు దాటేస్తారు. నేను మొదట చదివేది వాటినే. పాస్ అన్న ఆకుపచ్చ అక్షరాలు చూసి సంతోషపడిపోకు, ఆ కింద సన్నగా రాసిన వాక్యాల్లోనే నీ డబ్బు ఉంది.

ఎలా చదవాలో చెబుతాను. అన్నిటికన్నా పాత పరీక్ష దగ్గర మొదలుపెట్టి పైకి రా. ఒకే హెచ్చరిక మూడేళ్లు వరుసగా కనిపిస్తే ఆ యజమాని కారు మీద పైసా ఖర్చు పెట్టలేదని అర్థం. ఆ ఖర్చు ఇప్పుడు నీ నెత్తిన పడుతుంది. తుప్పు అన్న మాట రెండుసార్లు వస్తే నేనైతే ఆ కారు జోలికి పోను, ఎందుకంటే చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఆ తుప్పు పెరుగుతుందే తప్ప ఆగదు. నాలుగేళ్లు వరుసగా హెచ్చరికలు ఉండి, అమ్మకానికి పెట్టే ముందు పరీక్షలో ఒక్కటీ లేకపోతే, ఏమేం బాగు చేయించారో బిల్లులు చూపమను. మైళ్లు ఏటా ఇంచుమించు ఒకే తీరుగా పెరగాలి. ఒక్కోసారి పరీక్ష కేంద్రంలో అంకె తప్పుగా కొట్టడమూ ఉంటుంది, కానీ తర్వాతి ఏడాది అంకె దాన్ని పట్టిస్తుంది.

ఫెయిల్ అని కనిపించగానే పారిపోకు. 2017 వేసవిలో నేను 2,300 పౌండ్లకు కొన్న కారు అంతకుముందు రెండుసార్లు ఫెయిలైంది, ఒకసారి టైర్లకు, ఒకసారి బ్రేకు ప్యాడ్లకు. రెండుసార్లూ మర్నాడే మార్పించి పాస్ చేయించుకున్నారు. మైళ్లు ఏటా ఆరేడు వేలు. ఇలాంటి యజమాని దగ్గర కొనాలి! ఆ కారు మాకు ఏడేళ్లు నడిచింది. నాన్న అప్పు తీర్చిందీ, ఇల్లు కొనుక్కున్నదీ ఆ ఏడేళ్లలోనే. మా ఊరి చుట్టుపక్కల కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఇప్పటికి ఇరవై మందికి పైగా నేనే చరిత్ర చదివి పెట్టాను. ఒక్కరూ మోసపోలేదు.

ఈ పరీక్షలో ఇంజను, క్లచ్చు, గేరుబాక్సు స్థితి చూడరని మరిచిపోకు. వాటికోసం పగటిపూట, పొడి రోజున, తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లు. కారు మీద తీరని అప్పు ఉందేమో కూడా ఈ చరిత్రలో రాదు. దానికి పది ఇరవై పౌండ్లు తీసుకుని చూసిపెట్టే సంస్థలు ఉన్నాయి, ఆ డబ్బు మాత్రం మిగుల్చుకోకు. అప్పు ఇచ్చినవాళ్లు వచ్చి బండి పట్టుకుపోతే 2,600 మొత్తం పోతుంది. లాగ్ బుక్కు, అంటే మన ఆర్సీ లాంటి కాగితం, లేకుండా కొనకు, అయితే అది ఎవరి పేరున ఉందో చూసుకుని ఊరుకోకు. అది యాజమాన్యానికి రుజువు కాదని దాని మీదే రాసి ఉంటుంది. రోడ్ ట్యాక్సు పాత యజమానితో పోతుంది, నువ్వు మళ్లీ కట్టాలి. ఇన్సూరెన్సు ఎంత పడుతుందో డబ్బు ఇచ్చే ముందే అడుగు. మన లైసెన్సు మీద నడిపే మొదటి ఏడాదిలో అది కారు ధరకు దగ్గరగా వచ్చినవాళ్లను చూశాను. మిగతా నిబంధనలు నువ్వే చదువుకోగలవు.

నీకు అప్పు వడ్డీ ఎంతో రాయలేదు. ఎంతైనా, ఆ 2,600ను రూపాయల్లోకి మార్చి ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుని వెళ్లు. అమ్మే అతను తొందరపెట్టినప్పుడు తీసి చూడు. ఈ రాత్రికే కారు నంబరు కొట్టి, మొదటి పరీక్ష నుంచి ప్రతి ఏటా మైళ్లు, హెచ్చరికలు వరుసగా రాసి నాకు పంపు. రేపు సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే చదివి చెబుతాను. అంతవరకు అడ్వాన్సు ఇవ్వకు.