మూడు కాదన్నా, మీ పాప అడుగుతున్నది ఒక్కటే

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల దగ్గర ఒక ఊరు. కడప బండల పాలిషింగ్ యూనిట్ నడుపుకుంటున్నాను. మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. ఈఏపీసెట్ రాయించి కంప్యూటర్ సైన్స్‌లో చేర్పిద్దామంటే, భూకంపాల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. పోయినేడు అగ్నిపర్వతాలు అనేది. ఈమధ్య సముద్రమట్టం పెరుగుతోందని దాని గురించి చదువుతోంది. మా దగ్గర సముద్రమూ లేదు, అగ్నిపర్వతమూ లేదు. ఇంత నిలకడ లేని మనసును నమ్మి ఎట్లా చదివించేది? ఆడపిల్ల కొండల్లో తిరగాల్సి వస్తుందేమోనని వాళ్ళమ్మకు టెన్షన్. ఇంత చదివినా ఉద్యోగం వస్తుందా? పాలిష్‌కు పనికిరాదని పక్కన పడేసిన బండ మీద అలల గీతలున్నాయని, దాన్ని ఇంట్లోకి తెచ్చి పెట్టుకుంది. ఏం చెప్పాలో తెలియడం లేదు.
– ఒక తండ్రి, కడప జిల్లా

జవాబు: అన్నా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట మీరు చివర్లో రాశారు. ఆ బండ సంగతి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు నిలకడ గురించి.

పాప మూడు సబ్జెక్టుల మధ్య ఊగుతోందని మీరు అనుకుంటున్నారు. నాకు అలా కనిపించలేదు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూకంపం వచ్చింది, సునామీ లేచింది. ఆ ఒక్క రోజులో మన దేశపు దక్షిణపు కొస, గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్, 4 మీటర్లకు పైగా కుంగింది. అక్కడి లైట్‌హౌస్ అడుగుభాగం నీళ్ళలోకి వెళ్ళింది. ఆ చోట సముద్రమట్టం పెరిగిందని చెప్పాలా, నేల దిగిందని చెప్పాలా? ఒడ్డున పెట్టిన కొలమానం నీటి ఎత్తును నేలతో పోల్చే చూపిస్తుంది. నేల ఎంత కదిలిందో తెలిస్తేగాని నీళ్ళు నిజంగా ఎంత పెరిగాయో చెప్పలేం. అదే అండమాన్ వరుసలో బారెన్ ఐలాండ్ ఉంది, మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం. భూమి పైపెంకులోని ఒక పెద్ద పలక, అంటే భూఫలకం, ఇంకోదాని కిందికి దిగుతుంటే అక్కడ భూకంపమూ వస్తుంది, అగ్నిపర్వతమూ పుడుతుంది, ఒడ్డూ పైకీ కిందికీ కదులుతుంది. మీ పాప ఒకే గది చుట్టూ తిరుగుతూ ఒక్కో కిటికీలోంచి లోపలికి చూస్తోంది. దాన్ని నిలకడలేమి అనకండి.

ఇక మన దగ్గర ఏమీ లేదన్నారు. అన్నా, మీరు రోజూ మిషన్ మీద కోసే నాపరాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. నేల మీద గడ్డిపరక కూడా మొలవని కాలంలో మన ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతమంతా నీళ్ళ కింద ఉంది. సముద్రం వచ్చింది, పోయింది, ఆ లెక్క మీ యార్డులో దొంతరలుగా పేర్చి ఉంది. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గరున్న కింబర్లైట్ రాయి దాదాపు 110 కోట్ల ఏళ్ళ కిందట, 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి తన్నుకొచ్చిన శిలాద్రవం. ఆ అగ్నిపర్వతం పైభాగం ఎప్పుడో కొట్టుకుపోయింది, వేరు మాత్రం మిగిలింది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వంగి వజ్రాలు వెతుక్కుంటారు చూడండి, ఆ వజ్రాలను పైకి తెచ్చింది ఇలాంటి పేలుళ్ళే.

జ్వాలాపురం గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. బనగానపల్లె దగ్గర, జుర్రేరు వాగు ఒడ్డున ఉన్న ఊరు. ఒకసారి నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఎర్రమట్టి గోడలో మధ్యన తెల్లటి పొర. వేలితో గీకితే ముగ్గుపిండిలా రాలుతుంది, వేళ్ళ మధ్య నలిపితే గరగరమంటుంది. అది బూడిద. దాదాపు 74 వేల ఏళ్ళ కిందట ఇండోనేషియాలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు బంగాళాఖాతం దాటి ఎగిరొచ్చి ఇక్కడ పడింది. ఊళ్ళో దాన్ని తవ్వి గిన్నెలు తోమే పొడి కోసం లారీల్లో తోలారు. పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాలియా, రవి కోరిశెట్టర్‌ల బృందం అదే బూడిద పొరకు కిందా పైనా మనుషులు చేసుకున్న రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించింది. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారా అన్న ప్రశ్న మీద ప్రపంచమంతా వాదించుకుంది, మన జ్వాలాపురం మట్టిని ముందు పెట్టుకుని! ఆ రోజు నా వెంట వచ్చిన నలుగురిలో ముగ్గురు ఫొటోలు దిగి వచ్చి బస్సులో కూర్చున్నారు. ఒకమ్మాయి మాత్రం పొర ఒకచోట మందంగా, ఇంకోచోట పలచగా ఎందుకుందని అడుగుతూ కదల్లేదు. రీసెర్చ్‌కు పనికొచ్చే లక్షణం అది. మార్కుల కాగితంలో కనపడదు.

భూకంపాల పని ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. ఫలానా రోజు భూకంపం వస్తుందని ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. చెప్పగలమన్న వాళ్ళను నమ్మొద్దు. వచ్చిన మరుక్షణం పట్టుకోవడం మాత్రం సాధ్యం. భూమి అదిరినప్పుడు రెండు రకాల తరంగాలు బయల్దేరతాయి. మొదటిది రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, రెండోది సుమారు మూడున్నర. ఎక్కువ నష్టం చేసేది ఆ వెనకొచ్చేదీ, దాని తర్వాత నేల పైపొరలో పాకే తరంగాలూ. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి మొదటి, రెండో తరంగాల మధ్య దాదాపు 12 సెకన్ల తేడా ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో రైలు వేగం తగ్గించవచ్చు, గ్యాస్ ఆపవచ్చు, బడి పిల్లలు బెంచీల కింద దూరవచ్చు. ఆ సెకన్ల కోసం జీవితమంతా పనిచేసేవాళ్ళున్నారు.

మనది గట్టి నేల, మనకేం భయం అనుకోవడానికీ లేదు. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 తీవ్రతతో భూమి కంపించినప్పుడు దాదాపు 10 వేల మంది చనిపోయారు. అదీ దక్కను గట్టి నేలే. రాళ్ళూ మట్టితో కట్టిన ఇళ్ళు నిద్రలో ఉన్నవాళ్ళ మీద పడ్డాయి. మన పల్లెల్లో ఇప్పటికీ అలాంటి మిద్దెలే ఎన్నున్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు దారి. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి ముందు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట పత్తికొండ వైపు అబ్బాయి ఒకడు ఇలాగే వస్తే, భూమి గురించేగా అని బీఎస్సీలో జియాలజీ ఉంటే చాలన్నాను, మ్యాథ్స్ వదిలేసినా ఏమనలేదు. తీరా ఎమ్మెస్సీ దగ్గరికొచ్చాక వాడికి భూకంప తరంగాల మీద ఆసక్తి పుట్టింది, వెనక లెక్కల బలం లేదు. రెండేళ్ళు మళ్ళీ మొదటినుంచి చదువుకోవాల్సి వచ్చింది. ఆ రెండేళ్ళు నా వల్ల పోయాయి. అందుకే మీ పాపకు నా మాట ఖాయం: ఫిజిక్స్, మ్యాథ్స్ వదలొద్దు. రాళ్ళ వైపు వెళ్ళాలా, తరంగాల వైపా, సముద్రం వైపా అన్నది ఎమ్మెస్సీలో తేల్చుకోవచ్చు. ఈ పునాది ఉంటే మూడు తలుపులూ తెరిచే ఉంటాయి.

తనకు నేను మొదట చెప్పేది తిరుపతి ఐఐఎస్ఈఆర్, సైన్సు చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థ. ఏర్పేడు దగ్గర క్యాంపస్, ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్, భూమి, వాతావరణ శాస్త్రాల విభాగం ఉంది. దీనికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 60 ప్రశ్నల్లో 15 బయాలజీ ఉంటాయి, ఎంపీసీ పిల్లలు అది చూసి వెనక్కి తగ్గుతారు. తగ్గనక్కర్లేదు, మిగతా 45 బాగా చేస్తే పోటీలో ఉన్నట్టే. ఈఏపీసెట్‌కు చదివే చదువే ఇక్కడా చాలావరకు పనికొస్తుంది కాబట్టి రెండూ రాయించండి. అది కుదరకపోతే ఫిజిక్స్, మ్యాథ్స్ గట్టిగా ఉండే బీఎస్సీ చేసి, ఐఐటీలు పెట్టే జామ్ పరీక్షతో ఎమ్మెస్సీకి వెళ్ళొచ్చు. మన కడప యోగి వేమన యూనివర్సిటీలో జియాలజీ ఉంది, భూమిని ఫిజిక్స్‌తో చదివే జియోఫిజిక్స్‌లో విశాఖ ఆంధ్రా యూనివర్సిటీకి పాత పేరుంది. ఒకవేళ పరిస్థితుల వల్ల బీటెక్‌లోనే చేరినా తలుపు మూసుకుపోయినట్టు కాదు. బీటెక్ తర్వాత పై చదువులకు రాసే గేట్ పరీక్షలో జియాలజీ, జియోఫిజిక్స్ పేపర్ ఉంది, ఈ రంగంలో ఇప్పుడు ప్రోగ్రామింగ్ రాకుండా ముందుకు పోలేరు కూడా.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. పరిశోధన సంస్థల్లో పర్మనెంట్ సైంటిస్టు పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి పాపకు 27, 28 ఏళ్ళు వస్తాయి. అప్పటిదాకా మీ మీదే ఆధారపడాలన్న భయం మాత్రం వద్దు. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు ఫెలోషిప్ వస్తుంది, ఇంటి అద్దె వేరు. పీహెచ్‌డీ వద్దనుకుంటే ఎమ్మెస్సీ తర్వాతే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలో చేరవచ్చు, మూలవేతనమే 56,100. అదీ కాకపోతే భూగర్భజలాలు. అనంతపురంలో రెసిస్టివిటీ మిషన్‌తో బోరు పాయింట్ పెట్టేవాళ్ళను మీరు చూసే ఉంటారు. భూమిలోకి కరెంటు పంపి కింద ఏముందో చదివే ఆ విద్య కూడా జియోఫిజిక్సే. కరువు సీమలో దానికి గిరాకీ తగ్గే రోజు నాకు కనిపించడం లేదు.

దూరం గురించి కూడా దిగులొద్దు. భూమి లోపలి సంగతులు చదివే ఎన్‌జీఆర్ఐ 1961 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ కూడా హైదరాబాదే. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి నైసార్ ఉపగ్రహం ఎగిరింది. నేల సెంటీమీటర్లలో కదిలినా పట్టుకుంటుంది. భూకంపాలు పుట్టే భూమి పగుళ్ళ దగ్గర జరిగే కదలిక, అగ్నిపర్వతం ఉబ్బడం, కరిగి సముద్రాన్ని పెంచే మంచు, అన్నీ ఆ ఒక్క కంటితోనే చూస్తారు. మీ పాప ఎమ్మెస్సీకి వచ్చేసరికి ఆ సమాచారం గుట్టలుగా పోగై చదివేవాళ్ళ కోసం చూస్తుంటుంది.

వాళ్ళమ్మగారికి చెప్పండి: ఫీల్డ్‌కు ఒంటరిగా పంపరు, బ్యాచ్‌తో, లెక్చరర్లతో వెళ్తారు. భూకంపాల పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందే. అయినా బయటికి వెళ్ళాల్సి వస్తే అదీ మంచిదే. సుదీప్తా సేన్‌గుప్తా అనే భూగర్భ శాస్త్రవేత్త 1983లోనే అంటార్కిటికా యాత్రకు వెళ్ళారు. మన దేశం నుంచి ఆ మంచు ఖండానికి వెళ్ళిన మొదటి ఇద్దరు మహిళల్లో ఆమె ఒకరు. నలభై ఏళ్ళ కిందటే ఒక ఆడపిల్ల అంత దూరం పోయి రాళ్ళు చదివి వచ్చింది. మీ పాప గండికోట దాకా, జ్వాలాపురం దాకా వెళ్ళి రావడానికి ఇంట్లో భయపడొద్దు.

ఇక ఆ బండ. దాని మీదున్న అలల గీతలు అలనాటి నీళ్ళు గీసినవి. పాపకు ఒక పని అప్పగిస్తున్నాను. ఒక స్కేలు తీసుకుని గీతకూ గీతకూ మధ్య దూరం కొలవమనండి. ఒక్కో గీతకు రెండు వైపులా వాలు సమానంగా ఉందా, ఒకవైపు ఏటవాలుగా, ఇంకోవైపు నిటారుగా ఉందా చూడమనండి. సమానంగా ఉంటే నీళ్ళు అటూ ఇటూ ఊగాయని, లేకపోతే నిటారు వైపుకు పారాయని అర్థం. కొలతలు, బొమ్మ, తనకు తోచిన కారణం ఒక తెల్లకాగితం మీద స్వయంగా రాసి నాకు పంపాలి. ఎక్కడా చూసి ఎత్తిరాయకూడదు. రెండు వారాలు టైమ్ ఇద్దాం. కాగితం వచ్చాక, ఐఏటీ దరఖాస్తు గురించి మీరూ నేనూ ఫోన్‌లో కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఆ బండను ఎవరికీ అమ్మకండి అన్నా.