అక్కకి పాజిటివ్, నాకు నెగెటివ్... ఏడుపు ఆగడం లేదు

ప్రశ్న: మా అమ్మకి అండాశయ క్యాన్సర్ వచ్చింది. జీన్ టెస్ట్ చేస్తే బీఆర్‌సీఏ1 అనే జీన్‌లో క్యాన్సర్ రిస్క్ పెంచే మార్పు ఉందన్నారు. తర్వాత అక్కా నేనూ చేయించుకున్నాం. అక్కకి పాజిటివ్, నాకు నెగెటివ్. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు, అక్క ఫోన్ చేస్తే ఎత్తాలంటే భయం. పిల్లలున్న తనకి రాకుండా నాకు వచ్చినా బాగుండేది అనిపిస్తోంది. అమ్మ నా వల్లే అని కుమిలిపోతోంది. ‘నీకేం లేదుగా, ఎందుకేడుస్తావ్’ అంటున్నారు అందరూ. నాకేమైనా పిచ్చి పడుతోందా?

జవాబు: పిచ్చి కాదమ్మా. ఇలాంటి ఇళ్లల్లో నెగెటివ్ వచ్చిన వాళ్లు తప్పు చేసినట్టు బాధపడటం మామూలే, కాకపోతే వాళ్లని ‘ఎలా ఉన్నావ్’ అని అడిగేవాళ్లు ఉండరు.

మీకు రావాల్సింది అక్కకి పోలేదు, ముందు ఇది నమ్మండి. అమ్మకి ఆ జీన్ కాపీలు రెండుంటాయి, ఒకటి బాగుంది, ఒకదాంట్లో మార్పుంది, ఏ బిడ్డకి ఏది వెళ్తుందనేది ప్రతిసారీ విడిగా వేసే బొమ్మా బొరుసే, అంటే 50 శాతం, అక్కకి ఏం పడిందన్న దానితో మీకు సంబంధమే లేదు. అమ్మకీ అదే చెప్పండి, తనకీ అది దాదాపు ఎప్పుడూ తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిందే, తను ఎంచుకుని ఇచ్చింది కాదు.

అమ్మలో దొరికిన మార్పునే మీలో వెతికి ఉంటే మీ నెగెటివ్ గట్టిదే. అయినా అందరు ఆడవాళ్లకీ ఉండే మామూలు రిస్క్ మీకూ ఉంటుంది, కాబట్టి వయసుకి తగ్గ పరీక్షలు మానకండి.

ఇక అక్క. పాజిటివ్ అంటే క్యాన్సర్ ఉందని కాదు. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవాళ్లలో 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతం, అండాశయ క్యాన్సర్‌కి 44 శాతం. చిన్న అంకెలు కావు, నిజమే, కానీ ఆ రిస్క్ ఏళ్ల తరబడి పరుచుకుని ఉంటుంది, చేయగలిగింది కూడా ఉంది. రొమ్ముకి సాధారణంగా 25 నుంచే ఏటా ఎంఆర్ఐ, 30 దాటాక మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా. అండాశయానికి నమ్మదగ్గ స్క్రీనింగ్ లేదు, అందుకే పిల్లల్ని కనడం పూర్తయ్యాక 35-40 మధ్య అండాశయాలూ ఫాలోపియన్ ట్యూబులూ తీయించుకోమని డాక్టర్లు చెప్తారు. ఇవన్నీ ఈ నెలలోనే తేల్చుకోవాల్సినవి కావు. పిల్లలకి టెస్ట్ సంగతి అసలిప్పుడు ఎత్తకండి, మామూలుగా 18 దాటాక వాళ్లే నిర్ణయించుకుంటారు.

ఫోన్ మాత్రం ఎత్తండి. మీరు దూరం జరిగితే అక్కకి అది ‘నన్ను చూసి భయపడుతోంది’ అని అర్థమవుతుంది, నాకు ఎక్కువ బెంగ దాని గురించే. ‘నాకు నెగెటివ్ వచ్చినందుకు సంతోషపడలేకపోతున్నా, నీతో ఏం మాట్లాడాలో తెలియట్లేదు’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. సలహాలు వద్దు. స్కాన్‌కి తోడు రమ్మంటుందా, పిల్లల్ని చూడమంటుందా, ఆ ఊసే ఎత్తొద్దంటుందా, తననే అడగండి.

రిజల్ట్ వచ్చిన మొదటి వారాల్లో ఈ టెన్షన్ ఎక్కువగా ఉండి, చాలామందిలో ఏడాదిలోపు తగ్గుతుంది. కానీ మీకు ఇప్పటికే నిద్ర లేదంటున్నారు. అక్కతో జెనెటిక్ కౌన్సెలర్ (జీన్ టెస్టుల ఫలితాలు వివరించి సలహా ఇచ్చే నిపుణులు) దగ్గరికి వెళ్లినప్పుడు మీ సంగతీ చెప్పండి, అది మీకూ వర్తించే అపాయింట్‌మెంటే. నిద్ర ఇలాగే ఉన్నా, పని చేసుకోలేకపోతున్నా సైకాలజిస్టుని కలవండి, బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.