మీ చేతికి పని కావాలి, మరి మీ అమ్మగారి చేతికి?

ప్రశ్న: మాది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక హైదరాబాదులో మూడు వారాలకొకసారి కీమోథెరపీ ఇస్తున్నారు. అత్తవారింటి నుంచి వచ్చి నేనే తోడుంటున్నాను. మందు ఎక్కుతున్నంతసేపూ పక్కన కూర్చుని ఊలు టోపీలు అల్లుతుంటాను, లేకపోతే భయంతో కాలూ చెయ్యీ ఆడవు. "తల్లి ఆ స్థితిలో ఉంటే నీకు అల్లికలా?" అని మా వదిన నలుగురిలో అంటోంది. అమ్మేమో తననూ రాట్నం మీద నూలు కండెలు చుట్టనివ్వమంటుంది కానీ, విశ్రాంతి కోసమని రాట్నం అటక ఎక్కించాను. నేను అల్లడం మానెయ్యాలా?

జవాబు: మానవద్దు. అన్నం తినిపించి, వాంతులు ఎత్తి, రిపోర్టులు మోసే చేతులు కాసేపు ఊలు పట్టుకున్నంత మాత్రాన తల్లికి జరిగే అపచారం ఏమీ లేదు. దీనికి ఇంతకు మించి జవాబు అక్కరలేదు.

మీరు సేవలో భాగంగా రాసిన రాట్నం సంగతే నన్ను బాధపెట్టింది. మీ వదినగారు మీ పట్ల చేస్తున్నదే మీరు మీ అమ్మగారి పట్ల చేశారు. ఊహ తెలిసినప్పటి నుంచి నూలు మధ్యనే బతికి, ఆ సంపాదనతోనే మీ పెళ్లి కూడా చేసి ఉండగల మనిషిని, జబ్బు చేసిందన్న ఒక్క కారణంతో పసిపిల్లలా మంచానికి పరిమితం చేయడాన్ని నేను సేవగా ఒప్పుకోలేను. పెళ్లయిన కూతురి చేత చాకిరీ చేయించుకుంటున్నానన్న సంకోచం మన తల్లులకు ఎంత బరువో మీకు తెలియనిది కాదు. ఆమె అడిగిన నాలుగు కండెలు ఆ బరువు దించుకోవడానికే కావచ్చు.

జాగ్రత్తలు ఉన్నాయి. ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసివేసి ఉంటే ఆ వైపు చెయ్యి వాచే అవకాశం ఉంటుంది కాబట్టి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించవలసిన ఆసు పని, అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే పని, ఆమెకు ఇప్పుడు వద్దే వద్దు. 1999లో చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారు చేసింది తల్లి భుజాల నొప్పి చూడలేకనే. కీమో తర్వాత వారం, పది రోజులకు రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి, ఆ రోజుల్లో జనం మసిలే చోటికి పోనివ్వకండి. రంగులద్దే చోటికైతే చికిత్స ముగిసేదాకా వద్దు. కొన్ని మందుల వల్ల వేళ్ల కొసలు తిమ్మిరెక్కి దారం పట్టు తెలియదు. ఇవన్నీ డాక్టరుగారికి చెప్పి, ఏ పని, ఎంతసేపు చేయవచ్చో ఆమె ఎదుటే అడగండి. ఓపిక ఉన్న రోజున మంచం పక్కన కండెలు చుట్టనివ్వండి, లేని రోజున అంచుకు ఏ రంగు నప్పుతుందో ఆమెనే చెప్పనివ్వండి.

అన్నట్టు, జుట్టు రాలిన తలకు, అందులోనూ మన ఎండల్లో, ఊలు గుచ్చుకుంటుంది. పాత నూలుచీర ముక్కతో టోపీ కుట్టండి, నూలు మీ ఇంట్లో కరువా?

వదినగారితో వాదన అనవసరం. వచ్చే కీమోకు మీ అమ్మగారి వెంట ఆమెనే వెళ్లమని అన్నయ్యగారి ముందే చెప్పి, ఆ రోజు మీరు ఇంట్లో నిద్రపోండి.