మోకాలి మార్పిడికి ఇన్ని మత్తు సూదులు ఎందుకు?

మీ అమ్మగారికి నడుములో మత్తు ఇచ్చి మోకాలు మారుస్తామన్నారు. అది చాలదన్నట్టు తొడలో ఒక బ్లాక్ (నరం దగ్గర ఇచ్చే మత్తు), ఆపరేషన్ మధ్యలో కీలు చుట్టూ ఇంకో మందు అంటున్నారు, ఇవన్నీ నిజంగా అవసరమా అని మీ అనుమానం. అవసరమే అంటాను. నాకు రెండు మోకాళ్లూ మార్చారు, మధ్యలో కొన్నేళ్ల తేడా. రెండుసార్లూ నొప్పికి ఇచ్చిన మత్తు వేరు వేరు కాబట్టి ఏది దేనికో కాస్త అనుభవం మీద తెలిసింది.

నడుములో ఇచ్చేది ఆపరేషన్ వరకే, కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఎముక చివరలు కోసి ఇంప్లాంట్ బిగించిన మోకాలు కదా, అసలు పోటు ఆ తర్వాతే మొదలవుతుంది. మిగతా రెండూ దాని కోసమే.

నా మొదటి మోకాలికి గజ్జ దగ్గర ఫిమొరల్ నరానికి బ్లాక్ ఇచ్చి, సన్నటి గొట్టం ఉంచి, పంపుతో మందు ఎక్కించారు. మోకాలి ముందు వైపు నొప్పి దాదాపు లేదు. కానీ తొడ మాట వినడం మానేసింది, ఎవరిదో అరువు తెచ్చుకున్న కాలులా ఉంది. ఆ నరం స్పర్శ ఒక్కటే మోయదు, తొడ ముందు కండరాన్ని కూడా అదే ఆడిస్తుంది. మందు రెండింటినీ ఆపేస్తుంది. వాకర్ పట్టుకుని లేచి బరువు వేయగానే మోకాలు ఠక్కున మడుచుకుపోయింది. ఫిజియోథెరపిస్టు నా నడుముకు బెల్టు కట్టి పట్టుకుని ఉండబట్టి కింద పడలేదు. ఇంత చేసినా మోకాలి వెనక లాగుడు అలాగే ఉండిపోయింది. వెనక వైపు నొప్పి ఎక్కువగా సయాటిక్ నరం కొమ్మల మీదుగా వస్తుంది, ఫిమొరల్ బ్లాక్ దాన్ని తాకదు.

రెండోసారి అడక్టర్ కెనాల్ బ్లాక్ ఇచ్చారు. మీకు చెప్పింది కూడా బహుశా ఇదే, ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. మత్తు డాక్టర్ అల్ట్రాసౌండ్ తెర చూస్తూ తొడ మధ్యలో, లోపలి వైపు సూది దించారు. అక్కడ ఉండేవి చాలావరకు స్పర్శ నరాలే కాబట్టి కండరం బలం పెద్దగా తగ్గదు. తర్వాత నర్సు స్పిరిట్ దూదితో మోకాలి లోపలి వైపు నుంచి చీలమండ దాకా రాసుకుంటూ వెళ్తే, తాకినట్టు తెలిసింది గానీ చల్లదనం తెలియలేదు. అదే దూది బయటి వైపు పెడితే జివ్వుమంది. పాదం ఆడుతోంది, కాలు చాపి పైకి ఎత్తగలిగాను. ఆ సాయంత్రమే వాకర్‌తో మంచం చుట్టూ నడిచాను.

ఇక కీలు చుట్టూ ఇచ్చేది సర్జన్ పని. రోపివకైన్ అనే మత్తుమందు‌ని బాగా పలుచన చేసి, నొప్పి, వాపు తగ్గించే కీటోరొలాక్, కొంచెం అడ్రినలిన్ కలిపి, కుట్లు వేసే ముందు లోపలి కణజాలంలో అక్కడక్కడా ఎక్కిస్తారు. అడ్రినలిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి మందు త్వరగా రక్తంలోకి జారిపోదు. సిడ్నీ డాక్టర్లు కెర్, కోహన్ 2008లో ఈ పద్ధతి వివరాలు ప్రచురించాక ఇది బాగా వ్యాపించింది. మోకాలి వెనక నొప్పిని కూడా కొంత పట్టుకునేది ఇదే. అమ్మగారికి కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి, కీటోరొలాక్ మానేస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి. బ్లాక్‌లోదీ కీలులోదీ ఒకే జాతి మందు కాబట్టి, బరువును బట్టి మొత్తం డోసు లెక్క డాక్టర్లిద్దరూ కలిసి చూసుకుంటారు. మందు ఇచ్చాక పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో గింగురుమనడం ఉంటే వెంటనే చెప్పమనండి. మందు రక్తంలో ఎక్కువైందనడానికి గుర్తులవి. అరుదే, కానీ దానికి వైద్యం ఉంది, ఆలస్యం పనికిరాదు.

ఎక్కువ మంది దెబ్బతినేది మాత్రం బ్లాక్ దిగే వేళ. ఒక్కసారి ఇచ్చి వదిలేసే బ్లాక్ సాధారణంగా 12 నుంచి 24 గంటల్లోపు దిగుతుంది, చాలాసార్లు అర్ధరాత్రి. మొదటి ఆపరేషన్ అప్పుడు గొట్టం తీసేశారు గానీ మాత్రలు ముందే మొదలుపెట్టాలని ఆ వార్డులో ఎవరూ అనుకోలేదు. ఆ రాత్రి తెల్లవారుతుందో లేదో అనిపించింది. రెండోసారి నొప్పి లేకపోయినా పారాసెటమాల్, వాపు తగ్గించే మాత్ర టైముకి ఇస్తూనే ఉన్నారు. "బాగానే ఉన్నానుగా, మాత్రలెందుకు" అంటే నర్సు ఒప్పుకోలేదు, గ్లాసు చేతిలో పెట్టి మింగేదాకా నిలబడింది. బ్లాక్ దిగింది, నొప్పి వచ్చింది, కానీ పళ్లు బిగించి ఓర్చుకోగలిగేంతే. అదీ మించితే ఇవ్వడానికి బలమైన మందు విడిగా రాసి ఉంచారు. అమ్మగారు మొదటి సాయంత్రం హుషారుగా కబుర్లు చెబుతుంటే మీరు కూడా మోసపోకండి, మాత్ర మాన్పించకండి.

మోకాలి బయటి వైపు అరచేతి మందాన మొద్దుబారడం నెలల తరబడి ఉండవచ్చు. అది బ్లాక్ తప్పు కాదు, కోతలో తెగే చిన్న చర్మపు నరం వల్ల. కానీ మత్తు దిగాల్సిన సమయం దాటినా పాదం పైకి ఎత్తలేకపోతే, పిక్క వాచి నొప్పెడితే, ఆగకుండా డాక్టర్‌కి చెప్పండి. ఫిజియోథెరపీ ఏ టైముకో కనుక్కుని, దానికి ఓ గంట ముందు నొప్పి మాత్ర పడేలా నర్సుతో మాట్లాడుకోండి. నాకు మోకాలు వంగడం తేలికైంది అప్పటి నుంచే.