డాక్టర్ సలహా: కవలల్లో ఒక బేబీకి ఎన్‌టీ ఎక్కువ.. డౌన్ సిండ్రోమేనా?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 27. కవలలు, ఇప్పుడు 16వ వారం. 12వ వారం స్కాన్‌లో మాయ ఒకటే, సంచులు రెండు అని రాశారు. ఎన్‌టీ (బేబీ మెడ వెనక నీటి పొర మందం) ఒక బేబీకి 1.5, ఇంకో బేబీకి 2.6 మి.మీ. వచ్చింది. ఆ రెండో బేబీకి డౌన్ సిండ్రోమ్ ఏమోనని నిద్ర పట్టట్లేదు. ఉమ్మనీరు టెస్ట్ చేయించాలా? టిఫాకి (బేబీ అవయవాలన్నీ చూసే స్కాన్‌కి) 20వ వారంలో రమ్మన్నారు, ఆగొచ్చా? జంట అరటిపండు తిన్నావు అందుకే కవలలు అంటారు మా అత్తయ్య గారు.

జవాబు: అరటిపండు పాపం ఏం చేయలేదమ్మా. ఒకే అండం రెండుగా విడిపోతే ఇలా ఒకే మాయ పంచుకునే కవలలు వస్తారు, మీ భయానికి సగం జవాబు కూడా అందులోనే ఉంది. ఇద్దరి జీన్సూ దాదాపు ఒకటే కాబట్టి డౌన్ ఉంటే మామూలుగా ఇద్దరికీ ఉంటుంది, లేకపోతే ఇద్దరికీ ఉండదు, ఒక్కరికే రావటం చాలా అరుదు. అందుకే రిస్కు లెక్కేసేటప్పుడు మేం రెండు ఎన్‌టీల సగటు తీసుకుంటాం, మీకది 2 చిల్లర. డౌన్ రిస్కు చెప్పే డబుల్ మార్కర్ బ్లడ్ టెస్ట్ సంగతి మీరు రాయలేదు, రిస్కు తక్కువని ఉంటే సరే, ఇంకా మనసు ఒప్పకపోతే ఎన్‌ఐపీటీ అనే బ్లడ్ టెస్ట్ కవలలకీ చేస్తారు. అది పాజిటివ్ వస్తేనో, స్కాన్‌లో లోపం ఏదన్నా కనపడితేనో అప్పుడు సూదితో ఉమ్మనీరు తీసి చేసే టెస్ట్, నేనైతే ఇప్పుడే సూది దాకా వెళ్ళను.

నాకు కంగారు వేరే దాని గురించి. మాయ ఒకటే అయితే లోపల ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి, రక్తం ఒకవైపే ఎక్కువ పోతుంటే ఇచ్చే బేబీకి యూరిన్ తగ్గి ఉమ్మనీరు అడుగంటుతుంది, తీసుకునే బేబీకి సంచి ఉబ్బిపోయి గుండె మీద లోడ్ పడుతుంది. దీన్నే టీటీటీఎస్ అంటాం, ఒకే మాయ ఉన్న కవలల్లో 10 నుంచి 15 శాతం మందికి వస్తుంది. ఎన్‌టీల్లో 20 శాతం మించి తేడా ఉండటం కొన్నిసార్లు దీనికి తొలి సూచన, మీకు ఆ తేడా 40 శాతం దాటింది. అంటే వచ్చేసిందని కాదు, కానీ టిఫా దాకా ఆగకూడదు. ఈ వారమే స్కాన్ చేయించండి, తర్వాత రెండు వారాలకోసారి, తేడా కనపడితే ఇంకా దగ్గర దగ్గరగా. కుదిరితే ఫీటల్ మెడిసిన్ డాక్టర్ దగ్గర, విజయవాడ ఎంతో దూరం కాదుగా.

ఒక సంచిలో లోతైన చోట నీరు 2 సెం.మీ. లోపు, రెండో దాంట్లో 8 దాటితే టీటీటీఎస్ అని తేలినట్టే. ఆ నీటితో పాటు బ్లాడర్ కనపడుతుందా, బరువుల తేడా ఎంత, డాప్లర్‌లో రక్తప్రవాహం ఎలా ఉంది అన్నీ రాయమనండి. ముదిరితే లేజర్‌తో ఆ నాళాలు మూసేస్తారు, మామూలుగా 16 నుంచి 26 వారాల మధ్యలో, అందుకే ముందే పట్టుకోవాలి. కొబ్బరినీళ్ళు తాగితే సర్దుకుంటుందని ఎవరన్నా చెప్తే వినొద్దు. రెండు మూడు రోజుల్లోనే పొట్ట బిగుసుకుపోయి పెరిగినా, ఆయాసం వచ్చినా స్కాన్ తేదీ దాకా ఉండకుండా అదే రోజు వెళ్ళండి.

12వ వారం రిపోర్టు ఫిల్ముతో సహా తీసుకెళ్ళండి, మాయ ఒకటా రెండా అనేది అప్పటి బొమ్మల్లోనే బాగా తెలుస్తుంది.