ఆరేళ్ల పిల్లకి నాలుగు క్లాసులా?

చి.సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. ఒకటో తరగతి పిల్లకి అబాకస్, కరాటే, కూచిపూడి, డ్రాయింగ్, వారానికి ఆరు రోజులు! ఏడో రోజు హోంవర్క్ కాబోలు. మూడు కొట్టెయ్యి. ఏది ఉంచాలో బుజ్జిదాన్నే అడుగు. ఫ్రెండ్ చేరింది కాబట్టి కరాటే అంటే, ఆ కారణం చాలు.

నేను సంగీతం చెప్పినదాన్ని కాబట్టి ఆ సంగతే చెప్తాను. మొదట్లో మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలే, అంటే సరిగమల తొలి పాఠాలే కదా. చేత్తో ఆదితాళం వెయ్యాలి: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, తిప్పడం. ఆ ఎనిమిది లెక్కలు తప్పకుండా నోటితో స్వరం పాడాలి. నోరు సాగితే చెయ్యి ఆగిపోతుంది. ఒకటో కాలంలో, అంటే నెమ్మదిగా పాడితే కుదిరిందనుకుంటే, రెట్టింపు వేగంతో పాడే రెండో కాలంలో మళ్లీ తప్పుతుంది. తప్పితే మార్కులు పోవు, నవ్వుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. స్కూల్లో అంత తీరిగ్గా తప్పులు చేసే వీలు పిల్లలకి ఎక్కడుంది? నన్నడిగితే ఆ వయసులో అసలు లాభం ఇదే, పాట రావడం తర్వాత సంగతి. కూచిపూడి అడుగులైనా, షటిల్ బ్యాడ్మింటన్‌లో సర్వీసైనా అంతే.

అందుకే మొదటి రెండేళ్లూ పోటీలు, మెడల్స్ జోలికి పోవద్దు. చుట్టాలొస్తే "ఏదీ, ఒకటి చేసి చూపించు" అనడం కూడా వద్దు. (మీ అత్తగారికి నా మాటగా చెప్పు.)

అల్లుడుగారు చదరంగం ఆడే కోనేరు హంపి పేరు ఎత్తారన్నావు. నిజమే, 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. కానీ ఆమె తండ్రి స్వయంగా చదరంగం ఆటగాడు, ఉద్యోగం మానేసి మరీ కూతురికి నేర్పారు. వారానికి గంట క్లాసుకి పంపి ఆ ఫలితం ఆశిస్తే ఆ టెన్షనంతా పిల్ల మీదే పడుతుంది.

చేర్పించే ముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూడు. గోడ మీది ఫొటోలు, షీల్డులు కాదు, తప్పు చేసిన పిల్లతో టీచర్ ఎలా మాట్లాడుతున్నారో చూడు. ఫీజు భారమైతే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో పిల్లలకి కళలు నేర్పే ప్రభుత్వ సంస్థ జవహర్ బాలభవన్ ఉంది, వెళ్లి కనుక్కో.

కొన్నాళ్లకు మోజు తీరి "నేను వెళ్లను" అంటుంది, అందరూ అంటారు. విసుగైతే బతిమాలి ఇంకో నెల పంపు. టీచరంటే భయమైతే మాత్రం మర్నాడే మాన్పించు, కట్టిన ఫీజు పోతే పోయింది.

ఇంట్లో సాధన రోజూ పది నిమిషాలు మించొద్దు. మొదటి రోజే గజ్జెలకీ శ్రుతిపెట్టెకీ షాపుకి పరిగెత్తకు. గజ్జెలు ఎప్పుడు కట్టాలో గురువుగారు చెప్తారు, శ్రుతికి ఫోన్లో తంబురా యాప్ చాలు.

ఇట్లు,
మీ పెద్దమ్మ