క్విక్‌షిఫ్టర్ కుదుపు: కిట్ కొనేముందు రాడ్ చూడండి

ప్రశ్న: నా దగ్గర 2022లో కొన్న యమహా ఆర్15 వీ4 ఉంది. రోజూ కావలి నుంచి నెల్లూరుకు వెళ్లివస్తుంటాను. క్లచ్ పట్టకుండానే పై గేరుకు మార్చనిచ్చే క్విక్‌షిఫ్టర్ మొదట్లో ఎంతో మెత్తగా పనిచేసేది. రెండు నెలలుగా రెండో గేరు నుంచి మూడుకు మార్చబోతే ఒక్కోసారి గేరు పడక ఇంజిన్ గొల్లుమంటోంది. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు గట్టిగా కుదుపు వస్తోంది. కొత్త బూట్లకు ఇరుకుగా ఉందని ఈ మధ్య గేర్ పెడల్‌ను కాస్త పైకి ఎత్తించాను. సెన్సర్ పోయిందనీ, ఇంజిన్ బలం ఆగే మిల్లీసెకన్లను మార్చుకోగల బయటి కిట్ వేస్తే గేర్లు తగ్గించడానికి కూడా క్లచ్ అక్కర్లేదనీ మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?
ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు మాటవరసకు చెప్పిన బూట్ల సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది.

గేర్‌బాక్స్‌లో ఒక గేరు పక్కనున్న మొద్దు పళ్లు పక్క గేరు గాడిలో దూరి దాన్ని పట్టుకుంటాయి. యాక్సిలరేటర్ తిప్పి ఉన్నంతసేపూ ఇంజిన్ బలం ఆ పళ్లను అదిమి ఉంచుతుంది కనుక అవి సులువుగా జారి బయటికి రావు. మీరు పెడల్ ఎత్తగానే, పెడల్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే రాడ్‌కు ఉన్న సెన్సర్ ఆ ఒత్తిడిని గుర్తిస్తుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) సెకనులో పదో వంతు కూడా నిండనంత సేపు ఇంజిన్ బలాన్ని ఆపుతుంది, పళ్ల మీద బరువు తగ్గిన ఆ కాస్త సందులోనే గేరు మారిపోవాలి. మార్చే పని అప్పటికీ పాదానిదే.

పెడల్ ఎత్తు మార్చడమంటే సాధారణంగా రాడ్ పొడవు మార్చడమే. రాడ్‌కూ, గేర్ షాఫ్ట్ మీది చిన్న ఆర్మ్‌కూ మధ్య దాదాపు 90 డిగ్రీల కోణం ఉంటేనే పాదం బలం పూర్తిగా అందుతుంది. పెడల్ మరీ పైకి పోతే చీలమండ ముందే వంగిపోయి, ఇంకా ఎత్తడానికి చోటు మిగలదు. సెన్సర్ మాత్రం ఒత్తిడి తగిలిందని ఇంజిన్‌ను ఆపేస్తుంది, గేరు సగంలో ఉండగానే బలం తిరిగి వచ్చేస్తుంది. ఇలా ఏ గేరూ పడకుండా మధ్యలో ఆగిపోవడాన్నే ఫాల్స్ న్యూట్రల్ అంటారు. మీరు చెప్పిన గొల్లుమనడం అదే కావచ్చు.

ఇంజిన్ ఆపి, బూట్లు వేసుకుని కూర్చుని, పాదం ఎక్కడ ఆగిపోతోందో ముందు చూసుకోండి. తర్వాత రాడ్ రెండు చివర్ల లాక్ నట్లు వదులుచేసి, అర చుట్టు చొప్పున సరిచేసుకుంటూ రండి. ఇలాంటి రాడ్లకు ఒకవైపు రివర్స్ మర (మామూలుకు వ్యతిరేక దిశలో తిరిగేది) ఉంటుంది కనుక తిరగని నట్టును బలవంతం చేయకండి. బిగించేటప్పుడు సెన్సర్‌నే పట్టుకుని మెలితిప్పితే మంచి సెన్సర్ కూడా పాడవుతుంది. మెకానిక్‌ల తొందరలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. సెన్సర్ వైరు బిగుసుకోకుండా, రాడ్ ఫ్రేమ్‌కు రాసుకోకుండా ఉండాలి.

నెమ్మదిగా పోయేటప్పటి కుదుపు వేరే విషయం. మీ బండిలో క్విక్‌షిఫ్టర్ 20 కిలోమీటర్ల వేగం, 2000 ఆర్‌పీఎం దాటాకే పనిచేస్తుంది. ఆ హద్దుకు దగ్గరలో అది ఎప్పుడూ అంత సాఫీగా ఉండదు. చైన్ వదులైతే కుదుపు రెట్టింపవుతుంది, దాన్ని మాన్యువల్‌లోని కొలతకు బిగించండి. ట్రంక్ రోడ్డు రద్దీలో క్లచ్ పట్టుకోవడం నామోషీ ఏమీ కాదు. హైవే మీద కూడా యాక్సిలరేటర్‌ను నిలకడగా పట్టుకుని, పెడల్‌ను ఒకే ఊపులో చివరిదాకా ఎత్తండి.

ఇక కిట్ సంగతి. మీ బండి యాక్సిలరేటర్ కేబుల్‌తో నడిచేది. క్లచ్ లేకుండా గేరు తగ్గించాలంటే ఆ క్షణంలో ఇంజిన్ వేగాన్ని ఈసీయూ తనంతట తానే పెంచగలగాలి, అందుకు రైడ్-బై-వైర్, అంటే కేబుల్‌కు బదులు ఎలక్ట్రానిక్ సిగ్నల్‌తో నడిచే యాక్సిలరేటర్ ఉండాలి. కేటీఎం ఆర్‌సీ 390లో అది ఉంది, మీ బండిలో లేదు. కనుక ఆ హామీ నిలిచేది కాదు. పైకి మార్చడానికే అయినా, బయటి కిట్లలో చాలావరకు స్పార్క్ ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ దగ్గర స్పార్క్‌ను ఆపుతాయి. కాలని పెట్రోలు సైలెన్సర్‌లో కాలి టప్పుమంటుంది, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కుతుంది. ఆ చప్పుడు కోసమే వేయించుకునేవాళ్లున్నారు, నాకు నచ్చదు. రేపు ఎప్పుడైనా వేయిస్తే 70, 80 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, ఐదేసి చొప్పున తగ్గించుకుంటూ రండి. మరీ తగ్గిస్తే గేరు పూర్తిగా పడకముందే బలం వచ్చి పళ్ల అంచులు అరిగిపోతాయి, అప్పుడు ఇంజిన్ విప్పక తప్పదు.

ప్రశ్న: మాది కొత్తపట్నం. ఉప్పుగాలికి గేర్ రాడ్ చివరి బాల్ జాయింట్ తుప్పు పట్టి బిగుసుకుంది. డబ్ల్యూడీ-40 కొడితే చాలునా?
ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: పట్టు వదలడానికి చాలు, నిలవడానికి చాలదు. అది త్వరగా ఆరిపోతుంది కనుక తుడిచి, నీటికి తట్టుకునే గ్రీజు పూయండి. బిగుసుకున్న జాయింట్ పాదం బలాన్ని తాను తినేస్తుంది, అరిగి వదులైన జాయింట్ సెన్సర్‌కు ఆలస్యంగా చెబుతుంది. పక్కకు కదిలిస్తే వదులుగా ఊగినా, గ్రీజు పెట్టాక కూడా గరగరమన్నా జాయింట్ మార్చేయండి. సముద్రం ఒడ్డు నుంచి వచ్చాక మంచినీళ్లతో కడగండి కానీ, సెన్సర్ కనెక్టర్ మీదికి ప్రెషర్ గన్ పెట్టనివ్వకండి.